కొలతా – న్యాయమూ

1

"యంత్రానికి కులం లేదు, బంధువులు లేరు, అది లంచం పుచ్చుకోదు. కనుక యంత్రం గీసిన హద్దే న్యాయమైన హద్దు" అనే వాదం ఇటీవల చదువుకున్నవాళ్ళలో బాగా ప్రబలింది. ఊరిమీద డ్రోను ఎగురుతుంది, వేల ఛాయాచిత్రాలు తీస్తుంది. ఎక్కడో ఒక చల్లని గదిలో వరుసలు తీరిన కంప్యూటర్ల కూటమి ఆ చిత్రాలన్నిటినీ కలిపి గణిస్తుంది. ఈ కూటమినే క్లస్టరు అంటున్నాం. కొద్ది గంటలలో ఊరి నేలంతా ఒకే పటంగా, బెత్తెడు తేడా లేకుండా, తెరమీదికి వస్తుంది. కరణంగారి కవిలెకట్ట కింద తరతరాలు నలిగిన రైతుకు ఇంతకన్న ఏం కావాలని ఈ వాదులు ప్రశ్నిస్తారు.

ఈ వాదాన్ని తేలికగా కొట్టివేయరాదు. దీని వెనుక ప్రజల అనుభవం వున్నది. ఊరి లెక్క ఒక్క మనిషి చేతిలో, ఒక్క కుటుంబం ఇంట్లో, మరొకరికి అర్థంకాని రాతలో వున్నంతకాలం ఆ లెక్క ఎవరి పక్షం వహించిందో మనకు తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో కరణాల, మునసబుల పదవులు 1984లో రద్దయినప్పుడు పేద రైతులు ఊపిరి పీల్చుకున్నారంటే అందుకు కారణం వున్నది.

దీనికి సరిగ్గా ఎదురుగా మన మిత్రులలోనే కొందరు మరొక వాదం చేస్తున్నారు. డ్రోను పాలకవర్గాల కన్ను అనీ, క్లస్టరు వాళ్ళ మెదడు అనీ, ఆ రెంటితోనూ ప్రజలకు నిమిత్తం లేదనీ వీరంటారు. వినడానికి ఇది విప్లవాత్మకంగానే వుంటుంది. కాని శత్రువు చేతిలో కత్తి వున్నదని ఇనుమునే వెలివేసినట్లుంది ఈ మాట.

ఒకరు యంత్రాన్ని పూజిస్తున్నారు, మరొకరు శపిస్తున్నారు. యంత్రం లోపల ఏం జరుగుతున్నదో ఇద్దరూ చూడడం లేదు. చూస్తే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. కొలత నిజమైనంత మాత్రాన తీర్పు న్యాయమౌతుందా? ఆ కొలత నిజమో కాదో తిరిగి చూసే సాధనం ఎవరి చేతిలో వుండాలి? మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి రెండవదాన్ని వదిలిపెట్టడం సాధ్యం కాదని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2

ఛాయాచిత్రాలతో కొలిచే విద్యకు ఫోటోగ్రామెట్రీ అని పేరు. దాని పుట్టుకలోనే దాని ద్వంద్వ స్వభావం కనిపిస్తుంది. 19వ శతాబ్దం నడిమి భాగంలో ఫ్రెంచి సైన్యపు ఇంజనీరు లోసెదా కోటలనూ, నేలనూ చిత్రాల నుంచి కొలిచే పద్ధతిని అభివృద్ధి చేశాడు. ఆ విద్యకు ఒక తల్లి యుద్ధం. కాని 1858లో జర్మనీలో మైడెన్‌బావర్ అనే యువ వాస్తుశిల్పి వెట్స్‌లార్ చర్చిని కొలుస్తూ పైనుంచి జారి, ప్రాణం పోవలసినవాడు వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. మనిషి గోడలెక్కి ప్రాణం పణంపెట్టి కొలవడం మాని, చిత్రం తీసి దాని నుంచి ఎందుకు కొలవరాదన్న ఆలోచన అతనికి అక్కడనే కలిగింది. 1867లో ఫోటోగ్రామెట్రీ అన్న పేరు అతని ద్వారానే ప్రచారంలోకి వచ్చింది. అంటే ఆ విద్యకు రెండవ తల్లి శ్రమజీవి ప్రాణభయం.

మన దేశంలో నేలను కొలిచిన చరిత్రలోనూ ఇదే వైరుధ్యం వున్నది. 1802లో మద్రాసు వద్ద పరంగికొండ సమీపాన లాంబ్టన్ తన ఆధారరేఖను కొలవడంతో దేశాన్నంతా త్రిభుజాలుగా కొలిచే మహాసర్వే మొదలయింది. మైసూరును జయించిన కంపెనీకి జయించినదాన్ని తెలుసుకోవలసిన అవసరం కలిగింది. ఆ సర్వే శాస్త్రానికి చేసిన సేవ నిర్వివాదాంశం. అది ఎవరి అవసరం కోసం జరిగిందన్నదీ నిర్వివాదాంశమే. ఆ సర్వేలోనే 1831లో రాధానాథ్ సిక్దార్ అనే బెంగాలీ యువకుడు గణకుడుగా చేరాడు. అప్పటి ఇంగ్లీషులో "కంప్యూటర్" అంటే యంత్రం కాదు, కూర్చుని లెక్కలు కట్టే మనిషి. ప్రపంచంలోకెల్ల ఎత్తయిన శిఖరాన్ని లెక్కల్లో తేల్చిన పనిలో ఆయన ప్రధాన పాత్ర వహించాడు. 1865లో ఆ శిఖరానికి స్థిరపడిన పేరు మాత్రం ఎవరెస్టు. గణన ఒకరిది, పేరు ఇంకొకరిది.

ఈ చరిత్ర చెప్పడం పాత గాయాలను కెలకడానికి కాదు. ఒక సాధనం ఎక్కడ పుట్టిందన్న దానిని బట్టి అది ఎవరిదో తేలదు. అది ఎవరి ఆధీనంలో, ఏ సంబంధాలలో పనిచేస్తున్నదన్న దానిని బట్టి తేలుతుంది.

3

ఇక యంత్రం లోపలికి వద్దాం. మాట అమూర్తంగా మిగిలిపోకుండా ఒక సందర్భాన్ని ఊహించుకుందాం.

తెలంగాణలో ఒక పాత చెరువు వున్నదనుకుందాం. ఒకవైపు ఊరిపెద్ద పూడ్చి చదును చేసుకున్న నేల. మరొకవైపు శిఖం భూమిలో నీరు తగ్గినప్పుడు నాలుగు గింజలు పండించుకునే పేద కుటుంబాలు. చెరువు పూర్తిగా నిండితే నీరు ఎంతవరకు వస్తుందో తేల్చాలి. ఆ గీతకు లోపల ఎవరున్నారో, బయట ఎవరున్నారో దానిని బట్టి కొందరి బతుకు నిర్ణయమవుతుంది. దగ్గరలోని కళాశాల విద్యార్థులు ఎండాకాలంలో డ్రోను ఎగరవేసి 2,000 చిత్రాలు తీశారు. ఎండాకాలమే ఎందుకంటే నిండిన చెరువును ఈ విద్య కొలవలేదు. నీటిమీద గుర్తు నిలవదు. ఒక చిత్రానికీ మరొక చిత్రానికీ మధ్య అల కదిలిపోతుంది.

ఒక చిత్రం చూసి నేలమీది బిందువు ఎంత దూరంలో వున్నదో చెప్పలేము. ఒంటికన్నుతో సూదిలోకి దారం ఎక్కించబోయినవాడికి ఈ సంగతి తెలుసు. అదే బిందువును రెండు, మూడు, పది వేరువేరు చోట్ల నుంచి చూస్తే ఆ చూపులు కలిసేచోట దాని స్థానం తేలుతుంది. అందుకే డ్రోను ఒక చిత్రంలోని నేలలో నాలుగింట మూడు వంతులు తరువాతి చిత్రంలోనూ వచ్చేటట్లు తీస్తుంది. ఒక్కరే చూసిన బిందువు ఈ విద్యలో లెక్కలోకి రాదు. సాక్షులు పలువురుండాలి, అందరూ ఒకేచోట నిలబడి వుండకూడదు.

అయితే ఏ చిత్రంలోని రాయి ఏ చిత్రంలోని రాయో మొదట పోల్చుకోవాలి. 2,000 చిత్రాలలో ప్రతిదాన్నీ ప్రతిదానితో పోల్చాలంటే 19,99,000 జతలు. ఇరవై లక్షలకు వెయ్యి తక్కువ. డ్రోను తన స్థానాన్ని ప్రతి చిత్రంలోనూ రాసిపెడుతుంది గనుక దూరదూరపు జతలను వదిలిపెట్టవచ్చు. అయినా పని కొండంత. పోల్చడం ముగిశాక ప్రతి కెమెరా ఎక్కడ నిలిచి, ఎటు చూసిందో, ప్రతి బిందువు ఎక్కడున్నదో అన్నిటినీ ఒకేసారి సర్దాలి. ఒకటి కదిపితే అన్నీ కదులుతాయి. మిగిలే దోషాల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేవరకు సర్దుతూ పోవాలి. ఈ సూత్రాన్ని లెజాండ్ర్ 1805లోనే ప్రకటించాడు. చిత్రాలకు దానిని అన్వయించిన విధానాన్ని 1950ల చివర అమెరికా వైమానిక దళం అవసరాల కోసం డ్వేన్ బ్రౌన్ రూపొందించాడు. ఆ తరువాత చిత్రంలోని ప్రతి చుక్కకూ ఎత్తు కట్టాలి. చిత్రానికి రెండు కోట్ల చుక్కల చొప్పున మొత్తం నాలుగువేల కోట్ల చుక్కలు.

విద్యార్థి బల్లమీది కంప్యూటరు ఇక్కడ చేతులెత్తేస్తుంది. దాని మెమరీ 16 గిగాబైట్లు. ఈ పనికి వందకు పైగా కావాలి. సగం దారిలో ప్రోగ్రాము చచ్చిపోతుంది. క్లస్టరు అవసరం విలాసం కోసం రాలేదు, ఈ లెక్క కోసం వచ్చింది.

4

క్లస్టరు అంటే సమష్టి సొత్తు. పదుల, వందల కంప్యూటర్లను వేగమైన తీగలతో కలిపి, అందరూ వాడుకునేలా వుంచిన యంత్రం. ఎవరికి వారు వచ్చి మీట నొక్కడానికి వీలులేదు. పనిని వరుసలో పెట్టాలి. ఎన్ని కంప్యూటర్లు, ఎంత మెమరీ, ఎన్ని గంటలు కావాలో ముందు చెప్పుకోవాలి. వంతు వచ్చినప్పుడు పని నడుస్తుంది. అడిగిన గంటలు దాటితే ఆగిపోతుంది.

ఈ వరుసను నడిపే ప్రోగ్రాములలో పేరుపడ్డది స్లర్మ్. అది అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ అనే అణ్వాయుధ పరిశోధనశాలలో పుట్టి, అందరికీ స్వేచ్ఛగా విడుదలయింది. దానిలో న్యాయమైన వాటా అనే ఒక ఏర్పాటు వున్నది. ఇటీవల ఎక్కువగా వాడుకున్నవాడి వంతు వెనక్కు జరుగుతుంది, తక్కువ వాడుకున్నవాడిది ముందుకు వస్తుంది. రేషను షాపు దగ్గర కూడా ఇంత నీతి లేదే అని సంతోషించవచ్చు. కాని ఆగి చూడాలి. ఏ విభాగానికి ఎన్ని వాటాలన్నది స్లర్మ్ నిర్ణయించదు, పైన కూర్చున్న మనుషులు నిర్ణయిస్తారు. వాటాలు అసమానంగా పంచిన తరువాత నియమాన్ని ఎంత నిష్పక్షపాతంగా నడిపినా అసమానత మరింత నిష్ఠగా అమలు జరుగుతుంది, అంతే. చట్టం ముందు అందరూ సమానులన్న మాటకు వర్గసమాజంలో పట్టిన గతి ఇది.

మరొక చిక్కు వున్నది. చిత్రాలను పటంగా మార్చే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో ముఖ్యమైనది ఓపెన్‌డ్రోన్‌మ్యాప్. 2014 ప్రాంతంలో మొదలై దేశదేశాల వారి చేతుల్లో పెరిగింది. దాని లోపల ఎన్నో చిన్న ప్రోగ్రాములున్నాయి. ఒకటి లేకపోతే మరొకటి నడవదు. అందుకని వాటన్నిటినీ ఒక పెట్టెలో సర్ది పంచుతారు. డాకర్ అనే పద్ధతిలో ఆ పెట్టెను తెరిచేవాడికి మామూలుగా యంత్రం మీద సర్వాధికారం వచ్చినంత పని అవుతుంది. సొంత యంత్రం మీద ఫరవాలేదు. వందమంది పనులు నడుస్తున్నచోట ఒకడికి సర్వాధికారం ఇస్తే మిగిలినవారి గతి ఏమిటి? అందుకే క్లస్టర్లలో దానిని సాధారణంగా అనుమతించరు. 2015లో బర్క్‌లీ ప్రయోగశాలలో పుట్టి, ఇవాళ యాప్‌టైనర్ అని పిలవబడుతున్న మరొక పద్ధతిని వాడతారు. దానిలో నియమం ఒక్కటే: పెట్టె బయట నీకెంత అధికారమున్నదో లోపలా అంతే. సమష్టి సొత్తును వాడుకునేవారందరూ నేర్చుకోదగిన నీతి ఇది.

పని విభజన సంగతీ చూడాలి. ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ 2,000 చిత్రాలను ఐదు ముక్కలుగా విడగొట్టి ఐదు యంత్రాలకు ఇవ్వగలదు. ప్రతి ముక్కా పక్క ముక్క నేలను కొంత తనలో కలుపుకుంటుంది. చివర ఆ ఉమ్మడి నేల ఆధారంగా అన్నిటినీ అతకాలి. ఉమ్మడి నేల చాలకపోతే అతుకు దగ్గర పటం మెట్టులా విరుగుతుంది. వేగం కోసం విడగొట్టినప్పుడు సమగ్రత కొంత పోతుంది. ఆ మూల్యం ఎక్కడ చెల్లించామో పటం చూసేవాడికి చెప్పి తీరాలి.

ఈ క్లస్టర్లు ఎవరి సొమ్ముతో వచ్చాయి? 1980లలో అమెరికా మనకు పెద్ద కంప్యూటర్లు ఇవ్వడానికి మొరాయించినప్పుడు 1988లో పుణెలో సి-డాక్ ఏర్పడింది. 1991లో పరమ్ 8000 తయారయింది. 2015లో 4,500 కోట్ల రూపాయల అంచనాతో జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ మొదలయింది. ఆ మిషన్ కింద వచ్చిన పరమ్ సేవ హైదరాబాద్ ఐ.ఐ.టి.లో వున్నది. ఇది ప్రజల సొమ్ము. అయితే చెరువు గట్టున వున్న కళాశాల పిల్లవాడికీ ఆ వరుసలో ఒక వంతు వుండాలని అడగడం యాచన కాదు.

5

మన విద్యార్థుల పని వరుసలో నిలిచి, రాత్రికి రాత్రి నడిచి, ముగిసిందనుకుందాం. పటం వచ్చింది. మిగిలిన దోషం చిత్రంలో అరచుక్క కన్న తక్కువ అని నివేదిక చెప్పింది. ఎంత నిక్కమైన కొలత! ఇక గీత గీసేయవచ్చునా?

వీల్లేదు. ఇక్కడనే ఈ విద్య మనకు నేర్పే పాఠాలలోకెల్ల గొప్ప పాఠం వున్నది.

డ్రోను సాధారణంగా ఒకే ఎత్తున ఎగురుతూ నిట్టనిలువుగా కిందికే చూస్తూ పోతుంది. కెమెరా కటకంలో కొద్దిపాటి వంకర ఎప్పుడూ వుంటుంది. ఆ వంకర ఎంతో యంత్రం ఆ చిత్రాల నుంచే అంచనా వేసుకుంటుంది. చూపులన్నీ ఒకే దిక్కున సమాంతరంగా వున్నప్పుడు కటకం వంకరనూ, నేల వంకరనూ యంత్రం విడదీయలేదు. కటకం తప్పును నేలమీదికి నెడుతుంది. ఫలితంగా చదునైన నేల పటంలో బోర్లించిన మూకుడులాగానో, వెల్లకిల వేసిన మూకుడులాగానో తేలుతుంది. 2014లో జేమ్స్, రాబ్సన్ అనే బ్రిటిష్ పరిశోధకులు ఈ దోషాన్ని విశదంగా విశ్లేషించారు. విచిత్రమేమంటే, నివేదికలో దోషం మాత్రం అరచుక్క కన్న తక్కువగానే కనిపిస్తుంది. ఎందుకంటే ఆ అంకె చిత్రాలు ఒకదానితో ఒకటి ఎంత ఏకీభవించాయో చెబుతుంది. నేలతో ఎంత ఏకీభవించాయో చెప్పదు.

మన చెరువులో దీని పర్యవసానం చూడండి. చెరువు లోపలి నేల ఏటవాలు మెత్తగా, 200 మీటర్లకు ఒక మీటరు చొప్పున వున్నదనుకుందాం. మూకుడు దోషం వల్ల ఒక అంచున ఎత్తు అరమీటరు తప్పితే నీటి గీత 100 మీటర్లు జరుగుతుంది. అరమీటరు తప్పు! అది ఒకవైపున పేదల శిఖం చెక్కలన్నిటినీ నీటిలో ముంచగలదు. మరొకవైపున ఊరిపెద్ద పూడ్చిన నేలను గట్టుకు చేర్చగలదు. ఎవరూ లంచం తినలేదు, ఎవరూ అబద్ధమాడలేదు. అయినా అన్యాయం జరిగిపోతుంది.

ఈ దోషానికి మందు రెండు రకాలు. ఒకటి, కెమెరాను వంచి వాలుగా, వేరే కోణాలలో గూడా చూడడం. రెండు, నేలమీద గుర్తులు పెట్టడం. మనిషి నడిచి వెళ్ళి, తెల్లని గుర్తు వేసి, దాని స్థానాన్ని వేరే సాధనంతో కొలిచి, ఇది ఇక్కడ వున్నదని యంత్రానికి చెప్పాలి. లెక్కలో చేర్చకుండా దాచివుంచిన మరికొన్ని గుర్తులతో ఫలితాన్ని పరీక్షించాలి. ఆకాశం నుంచి చూసిన వేల చూపులను నేలమీద నిలబడిన పది గుర్తులు సరిదిద్దుతాయి.

సత్యం గురించి మనం చాలాకాలంగా చెబుతున్నది ఇదే కదా! ఒకే స్థానంలో నిలిచి, ఒకే దిక్కున చూసేవాళ్ళు ఎంతమందయినా వాళ్ళ ఏకాభిప్రాయం సత్యానికి రుజువు కాదు. కచేరీలో కూర్చున్న పదిమంది అధికారులు ఒకరి మాటను ఒకరు బలపరచుకున్నప్పుడు వాళ్ళ మధ్య వైరుధ్యం కనిపించదు. అందరి కటకంలోనూ వున్న వంకర ఒక్కటే. తమ వంకరను వాళ్ళు నేలకు అంటగడతారు. ఆచరణతో, నేలతో ముఖాముఖి అయినప్పుడే ఆ వంకర బయటపడుతుంది. భౌతికవాదాన్ని పుస్తకాలలో చదువుకునే విద్యార్థికి ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

అయితే ఒక ఉపమానం దొరికిందని మురిసిపోకూడదు. యంత్రానికి నేలమీది గుర్తు చాలు. న్యాయానికి అది చాలదు. చెట్టు కొమ్మల కింద గుడిసె వుంటే పైనుంచి కొమ్మలే కనిపిస్తాయి. గుడిసె కనిపించినా దానిలో ఎన్నేళ్ళుగా ఎవరు కాపురముంటున్నారో కనిపించదు. పచ్చని చేను కనిపిస్తుంది, అది దున్నినవాడు కౌలుదారా పట్టాదారా అన్నది కనిపించదు. భర్త పేర వున్న చేలో నాటువేసిన భార్య హక్కు ఏ చుక్కలోనూ వుండదు. హక్కు అనేది నేల ఆకారం కాదు, నేల విషయమై మనుషుల మధ్య వున్న సంబంధం. సంబంధాన్ని ఫోటో తీయలేము.

6

ఇది ఊహాలోకపు సమస్య కాదు. 2020 ఏప్రిల్ 24న కేంద్ర ప్రభుత్వం స్వామిత్వ పథకాన్ని ప్రారంభించి, సర్వే ఆఫ్ ఇండియా ద్వారా గ్రామాల నివాస ప్రాంతాలను డ్రోనులతో పటాలకెక్కించి ఆస్తి కార్డులు ఇవ్వడం మొదలుపెట్టింది. అదే సంవత్సరం డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలయింది. గొలుసులు, పాత టిప్పన్లు, చిరిగిన ఎఫ్.ఎం.బి. పుస్తకాలు ఇంక చాలునన్న రైతు కోరిక సహేతుకమైనదే. కాని పలు గ్రామాలలో విస్తీర్ణం తేడా వచ్చిందని ఫిర్యాదులు బయలుదేరాయి. పాత పుస్తకంలోని అంకె తప్పా, కొత్త పటంలోని అంకె తప్పా? రైతు అడిగినప్పుడు "కంప్యూటరు అలా చూపిస్తున్నది" అన్నది జవాబు కాదు. కంప్యూటరుకు ఏం చెప్పారు, అది ఎలా లెక్కకట్టింది, తప్పు ఎంతవరకు వుండవచ్చు అన్నది జవాబు.

కొలతకూ తీర్పుకూ మధ్య దూరాన్ని చెరిపివేస్తే ఏమవుతుందో అదే రాష్ట్రంలో భూహక్కుల చట్టం గురించి చెలరేగిన వివాదంలో చూశాం. 2023 అక్టోబరు 31న అమలులోకి వచ్చిన ఆ చట్టం 2024లో రద్దయింది. దాని విషయంలో న్యాయవాదులు, రైతులు వ్యక్తం చేసిన భయం ప్రధానంగా ఒకటి: హక్కు ఎవరిదో తేల్చే అధికారం సివిలు కోర్టు నుంచి అధికారి బల్లమీదికి పోతుందని.

అడవి భూముల విషయంలో ఈ ప్రశ్న మరింత తీక్షణంగా లేచింది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందునుంచి సాగుచేసుకుంటున్న ఆదివాసి తన హక్కు నిరూపించుకోవచ్చు. ఉపగ్రహ చిత్రంలో ఆనాడు అక్కడ సాగు కనిపించలేదంటూ గుజరాత్‌లో దరఖాస్తులను తిరస్కరించారు. పోడు చేసినవాడు ఒక సంవత్సరం చేను బీడు పెడతాడు. చెట్ల నడుమ గింజలు చల్లుతాడు. పైనుంచి చూసే కంటికి అది అడవే. 2012లో సవరించిన నిబంధనలు ఉపగ్రహ చిత్రాలూ, ఇతర సాంకేతిక సాధనాలూ మిగతా సాక్ష్యాలకు తోడ్పడవచ్చు గాని వాటి స్థానాన్ని ఆక్రమించరాదని స్పష్టం చేశాయి. 2013లో గుజరాత్ హైకోర్టు గూడా ఉపగ్రహ చిత్రాల మీదనే ఆధారపడి హక్కు నిరాకరించడం చెల్లదన్నది. ముసలివాళ్ళ వాఙ్మూలం, పాత జరిమానా రసీదు, సమాధిరాయి, ఇవన్నీ సాక్ష్యాలే. ఆకాశంలోని కన్ను పలువురు సాక్షులలో ఒక సాక్షి. న్యాయమూర్తి కాదు.

గోదావరి మన్యంలో, ఆదిలాబాదు అడవులలో పనిచేసే మన ఉపాధ్యాయులు ఈ నిబంధనను చదివి వుండాలి. చదవనివారు చదివి పిల్లలకు చెప్పాలి.

7

ఇక రెండవ ప్రశ్న. కొలత సాక్షి మాత్రమే అని ఒప్పుకున్నాం. సాక్షిని ఎదురు ప్రశ్నించే హక్కు ప్రతివాదికి వుండాలి కదా! పటాన్ని ఎదురు ప్రశ్నించడం ఎలా? మళ్ళీ గణించడమే మార్గం. దానికి మూడు కావాలి: మూలచిత్రాలు, సాఫ్ట్‌వేరు, గణించడానికి యంత్రం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తాళంలో వున్నా ప్రతివాది నోరు కట్టేసినట్లే.

మూలచిత్రాలు ఇవ్వకుండా పూర్తయిన పటం మాత్రమే చూపడం, సాక్షిని దాచి వాఙ్మూలం చదివి వినిపించడం వంటిది. లోపలి లెక్క చూపించని అమ్మకపు సాఫ్ట్‌వేరు కొత్త కవిలెకట్ట. కరణం గారికి మంచిమనసే వుండవచ్చు. మనం ఆయన మనసు గురించి మాట్లాడటం లేదు, కట్ట ముడి గురించి మాట్లాడుతున్నాం. చిత్రాలలో గుర్తులను పోల్చే సిఫ్ట్ అనే ప్రసిద్ధ విధానానికి ఒక విశ్వవిద్యాలయం పేర పేటెంటు వుండేది. 2020లో దాని గడువు తీరింది. అంటే రెండు దశాబ్దాలు ఒక రాయిని రెండు చిత్రాలలో గుర్తుపట్టే పద్ధతి మీద గూడా యాజమాన్యం నడిచింది! నేలమీద యాజమాన్యం సంగతి మనకు తెలుసు. నేలను చూసే పద్ధతి మీది యాజమాన్యం సంగతి ఇంకా పూర్తిగా ఆలోచించలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. "సాఫ్ట్‌వేరు మూలం తెరిచిపెడితే ఏం లాభం? చెరువుగట్టు రైతు అది చదువుతాడా? క్లస్టరు నడుపుతాడా?" ఇది బలమైన ఆక్షేపణే. కాని దస్తావేజు చదవలేని రైతు ఏం చేసేవాడు? ఒకరిచేత చదివించుకుని, నమ్మకం చాలక పొరుగూరి మరొకరిచేత మళ్ళీ చదివించుకునేవాడు. ఇద్దరి మాటా ఒకటయితే వేలిముద్ర వేసేవాడు. దస్తావేజు తెరిచి వుండటం వల్లనే అది సాధ్యమయింది. అందరూ చదవనక్కరలేదు. ఎవరైనా చదవగలిగి వుండాలి. ఆ ఎవరో ఒకరు ప్రభుత్వానికీ, కంపెనీకీ జీతగాళ్ళు మాత్రమే కాకుండా వుండాలి.

ఆ ఎవరో ఒకరు మనమే. కళాశాలలో క్లస్టరు వాడటం నేర్చుకున్న విద్యార్థి ఆ విద్యను ఉద్యోగ దరఖాస్తులో ఒక పంక్తిగా మాత్రమే చూసుకుంటే అతని దోషం కొంత, అతనికి అలా నేర్పిన మన దోషం ఎక్కువ.

అలా గణించేవారు నిజాయితీ విషయంలో తమకు తామే కఠినంగా వుండాలి. ఈ సాఫ్ట్‌వేరు లోపల కొన్ని దశలలో యాదృచ్ఛికంగా ఎంపిక జరుగుతుంది గనుక అవే చిత్రాలు రెండుసార్లు నడిపినా చివరి అంకెల్లో స్వల్ప భేదం రావచ్చు. కనుక ఏ వెర్షను వాడాం, ఏ ఎంపికలు ఇచ్చాం, ఎన్ని ముక్కలు చేశాం, ఏ గుర్తులు లెక్కలో వాడాం, ఏవి పరీక్షకు దాచాం, ఎంత తప్పు తేలింది అన్నీ రాసిపెట్టాలి. మనకు అనుకూలంగా లేని ఫలితాన్నీ ప్రకటించాలి. పేదల పక్షాన వున్నామన్న పేరుతో గీతను పది మీటర్లు జరిపేవాడు కరణం గారి శిష్యుడే గాని ప్రజల మనిషి కాడు. శిఖం భూమిలో పేదవాడి చెక్క నిజంగా నీటి గీత లోపలే వున్నదని తేలవచ్చు. తేలితే అలాగే చెప్పాలి. చెప్పి, అతడు ఎక్కడికి పోవాలన్న ప్రశ్నను గ్రామసభలో గొంతెత్తి అడగాలి. ఎందుకంటే నీటి గీత ఎక్కడున్నదన్నది కొలత, అతనికి బతుకుతెరువు ఎక్కడన్నది తీర్పు. మొదటిదాన్ని దాచి రెండవదాన్ని గెలవలేము. మొదటిదాన్ని చూపి రెండవదాన్ని ఎగవేయనివ్వకూడదు.

కాబట్టి మన కోర్కెలు స్పష్టంగా వుండాలి. ప్రజల సొమ్ముతో తీసిన మూలచిత్రాలు, ఆ నేలమీది మనుషులు అడిగినప్పుడు వారికి అందాలి. హక్కును ప్రభావితం చేసే ఏ పటమైనా మరొకరు తిరిగి గణించి చూడగలిగినదై వుండాలి. ప్రభుత్వ క్లస్టర్లలో ఇటువంటి ప్రజోపయోగ గణనలకు వాటా కేటాయించాలి. పటం గ్రామసభ ముందుకు సాక్షిగా రావాలి, శాసనంగా కాదు.

యంత్రాన్ని పూజించేవారికి ఒక మాట: దానిని నడిపి చూడండి. అది తన తప్పును తాను పట్టుకోలేనని, నేలమీద గుర్తు పెట్టమని మిమ్మల్నే అడుగుతుంది. శపించేవారికీ అదే మాట: నడిపి చూడండి. మీరు నడపకపోతే అది నడవకుండా వుండదు, మీరు లేకుండా నడుస్తుంది.

వచ్చే ఎండాకాలం ఏదో ఒక చెరువుగట్టున మన విద్యార్థులు డ్రోను ఎగరవేస్తారు. ఎగరవేయడానికి ముందు సున్నపు డబ్బా పట్టుకుని గట్టుచుట్టూ నడిచి గుర్తులు వేయవలసి వుంటుంది. శిఖం చెక్కల మధ్యనుంచి నడిచేటప్పుడు అక్కడి మనుషులు "ఏం కొలుస్తున్నారు బాబూ?" అని అడుగుతారు. ఆగి, పని పక్కనపెట్టి, వాళ్ళకు అర్థమయ్యేదాకా చెప్పండి. మీ కొలత అక్కడినుంచే మొదలవుతుంది.